మనోడు

ఏలియా బావా,

ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు నువ్వు. అందుకే నాగోల్ మెట్రో పార్కింగ్‌లో నీ సైకిల్ హ్యాండిల్‌కి ఈ ఉత్తరం కట్టి, నాచారం డ్యూటీకి పోతున్నాను.

ఏడాదిగా మనిద్దరం గుండె వేగం కొలిచే ఒకే స్మార్ట్ వాచీ పెట్టుకుని తొక్కుతున్నాం కదా, ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఒకరోజు నువ్వు, ఒకరోజు నేను. వాచీ యాప్‌లో మనిద్దరి పేరిట ఉన్న ఒక్క ఖాతాలో వేగం పెరిగినప్పుడల్లా "మనోడు మస్తు ఉరుకుతుండు" అని నవ్వేవాడివి. ఏ రోజు తొక్కింది ఎవరో మాత్రం మనం ఎక్కడా రాసుకోలేదు.

ఇంకా వేగం పెంచడమెట్లా అని నిన్న క్లబ్బు కోచ్ నరేన్‌కి యాప్‌లోని లెక్కలన్నీ చూపించాను. అతను నవ్వలేదు. ఎత్తు ఎక్కేటప్పుడు గుండె వేగం ఒక్కసారిగా ఎగిరి, అంతలోనే పడిపోతోందట. అన్ని రోజులూ కాదు, కొన్ని రోజులే. "గియ్యి నీవేనా అన్నా? అయితే సైకిల్ ముట్టకు, జల్ది దవాఖానాకు పో" అన్నాడు.

పొద్దున్నే పోయి పరీక్షలన్నీ చేయించుకున్నాను. నా గుండెకు ఏమీ లేదట. డాక్టరమ్మ ఆ మాట నవ్వుతూ చెప్తుంటే నాకు చెమటలు పట్టాయి.

అక్కకు ఇంకా చెప్పలేదు. ఆటో ఎక్కి నేరుగా దవాఖానాకు పో. నీ రెండు టైర్లలో గాలి తీసింది నేనే. ఎంతైనా తిట్టుకో బావా, పంపు మాత్రం కొట్టకు.

నీ బామ్మర్ది