బ్యాంకాక్ ప్లాన్‌లో అమ్మ మోకాళ్ళు

శనివారం, వోల్ఫ్స్‌బర్గ్, జర్మనీ

అమ్మ హైదరాబాద్ నుంచి వస్తుంది, ఇద్దరం బ్యాంకాక్‌లో కలుస్తాం. ఆఫీసు పనిలా ఎక్సెల్ షీట్ వేశాను, రోజుకి ఏడు చోట్లు. కింది ఫ్లాట్ థాయ్ ఆంటీకి ప్రింట్ తీసి చూపిస్తే పెన్ను తీసి రోజుకి ఐదు కొట్టేసింది.

"మీ అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?" అంది. నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

అక్కడి రాజుగారి ప్యాలెస్‌కి పొద్దున్నే వెళ్ళమంది. ఈరోజు మూసేశారని బయట ఎవరు చెప్పినా నమ్మొద్దంది, వేరే చోటికి తిప్పే మోసమట. గుళ్ళో బుద్ధుడి వైపు కాళ్ళు చాపకూడదట. అమ్మ కింద కూర్చోలేకపోతే బయట నుంచే దణ్ణం పెట్టుకోవచ్చట.

ఇలాంటి మనిషి కింది ఫ్లాట్‌లో ఉండటం నా అదృష్టం. మీకేం తేవాలంటే, "బ్యాంకాక్‌లో పడవ ఎక్కాక ఫోన్ చెయ్యి, మా నది చప్పుడు వింటాను" అంది.

పైకొచ్చి అమ్మకి ఫోన్ చేసి మోకాళ్ళ సంగతి అడిగాను.

"బాగానే ఉన్నాయిరా. టికెట్లు మాత్రం మార్చకు" అంది.