పేర్లు లేని తాళంచెవులు

జూన్ 3, మంగళవారం

కమిటీవాళ్ళు పట్టుబట్టి ట్రైనర్‌ని పిలిపించారు. లీడర్‌షిప్ మీద రోజంతా క్లాసు. నాకు అరవై ఆరేళ్ళు, ఈ సంస్థ పెట్టి పదకొండేళ్ళు. ఇప్పుడు నేర్చుకోవాలట! ట్రైనర్ మంచివాడే, కానీ మాటకి ముందోసారి, తర్వాతోసారి నవ్వుతాడు.

మా పని చెప్పాలంటే రెండు ముక్కలు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు అరవై నాలుగు మందికి రోజూ పొద్దున ఏడూ ఎనిమిది మధ్య ఫోన్ చేస్తాం. ఎత్తకపోతే పది నిమిషాలాగి మళ్ళీ చేస్తాం. అప్పుడూ ఎత్తకపోతే వాళ్ళ తాళంచెవి తీసుకుని వ్యాన్‌లో వెళ్తాం. అందుకే మాలో చేరినవాళ్ళు లోపల గడియ పెట్టుకోరు. తాళం మాత్రమే వేసుకుని, రెండో తాళంచెవి మాకిస్తారు.

ట్రైనర్ అందరికీ చీటీలు పంచి, పెద్దక్క (అంటే నేనే) పది రోజులు లేకపోతే ఏది ఆగిపోతుందో రాయమన్నాడు. నా ఎదురుగానే. డ్రైవర్ ఏదీ ఆగదని రాశాడు, పాపం, మర్యాదకి. ఫోన్లు చేసే అమ్మాయి ఒకటే రాసింది. తాళాల బోర్డు.

నవ్వేశాను. ఆ బోర్డు మీద పేర్లూ ఉండవు, నెంబర్లూ ఉండవు. ఏ మేకుకి ఎవరి తాళంచెవి ఉందో నా బుర్రలో ఉంది. దొంగ వచ్చినా ఏం చేసుకుంటాడు? పదకొండేళ్ళలో ఒక్కసారీ తడబడలేదని ట్రైనర్‌తో అన్నాను. తడబడనిది మీరా, సంస్థా అని అడిగాడు. ఒళ్ళు మండింది. టీ బ్రేక్ ఇచ్చేశాను.

జూన్ 6, శుక్రవారం

సోమవారం కంటి ఆపరేషన్. చెల్లెలు ఉండే ఊళ్ళో. పది రోజులు అక్కడే. పద్నాలుగు పేజీల జాగ్రత్తలు రాసి ఫోన్ల అమ్మాయి చేతిలో పెట్టాను. ఎవరితో గట్టిగా మాట్లాడాలి, ఎవరు పలకరిస్తేనే విసుక్కుంటారు, ఎవరి కుక్క కరుస్తుంది, అన్నీ. తాళాల దగ్గర మాత్రం ఒక్క లైను. అవసరం పడితే నాకు ఫోన్ చెయ్యండి.

ఆ అమ్మాయి ఆ లైను మీద వేలు పెట్టి నావైపు చూసింది. ఒక లిస్టు రాసి బీరువాలో పెట్టొచ్చు కదా పెద్దక్కా అంది. వచ్చాక చూద్దాంలే అన్నాను.

నిజం చెప్పాలంటే ఆ లిస్టు రాయడం నాకిష్టం లేదు. ఎవరో ఫోన్ ఎత్తరు. అందరూ నావైపు తిరుగుతారు. నేను చూడకుండానే చెయ్యి చాపి తాళంచెవి తీసిస్తాను. అది నాకు బాగుంటుంది. ఇదెవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను.

జూన్ 9, సోమవారం, సాయంత్రం

ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు. అక్షరాలు వంకరటింకరగా పోతున్నాయి. డాక్టర్ మూడు రోజులు ఫోన్ చూడొద్దన్నాడని చెల్లెలు నా ఫోన్ ఆపేసి, బీరువాలో బట్టల కింద పెట్టి తాళం వేసింది. చూడొద్దన్నాడు గానీ మాట్లాడొద్దనలేదు కదా అంటే అదంతా తనకి తెలీదట. నాకంటే నాలుగేళ్ళు చిన్నది, అమ్మలా అజమాయిషీ చేస్తుంది. పైగా, నువ్వూ ఒంటరిగానే ఉంటున్నావుగా అక్కా, నీకు పొద్దున ఎవరు ఫోన్ చేస్తారని అడిగింది.

లిస్టులో నేనెందుకుంటాను? లిస్టు నాది.

జూన్ 10

ఫోన్ ఇవ్వలేదు.

జూన్ 12, గురువారం, మధ్యాహ్నం 4

ఇచ్చింది. ఆన్ చెయ్యగానే ఇరవై మూడు మిస్డ్ కాల్స్ వచ్చాయని మెసేజ్‌లు. అన్నీ నిన్న పొద్దున ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య. తిరిగి చేస్తే డ్రైవర్ ఎత్తి చెప్పాడు.

వాచీల తాత. గడియారాలు బాగుచేసిన మనిషి, ఎనభై ఒకటి, మాలో చేరిన మొట్టమొదటి ఆయన. నిన్న ఫోన్ ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. అందరూ బోర్డు ముందు నిలబడ్డారు. నాకు చేశారు. మళ్ళీ చేశారు. ఆయనది ఇనుప తలుపు, బద్దలుకొట్టేది కాదు. తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే గంటన్నర పడుతుందన్నాడట. ఇక డ్రైవర్ బోర్డునే గోడనుంచి ఊడదీసి వ్యాన్‌లో వేసుకుని వెళ్ళాడు. మొదట చేరినాయన కాబట్టి పై వరసలో ఉంటుందనుకుని, పైనుంచి ఒక్కొక్కటే పెట్టి చూశారట.

దొంగ ఎవడైనా పైనుంచే మొదలుపెడతాడని ఆయన తాళంచెవిని కింది వరసకి మార్చింది నేనే. రెండేళ్ళ క్రితం. నా తెలివికి మురిసిపోయాను కూడా. పదకొండేళ్ళలో దొంగ ఎవడూ రాలేదు.

యాభై ఎనిమిదోది పట్టింది. బాత్రూం గుమ్మంలో పడి ఉన్నాడట. తుంటి ఎముక విరిగింది. తెలివిలోనే ఉన్నాడు. బతికాడు.

డ్రైవర్ నన్ను ఒక్క మాట అనలేదు. కన్ను ఎలా ఉందమ్మా అని అడిగాడు. ఏడ్చాను. కంటికి మంచిది కాదని చెల్లెలు తిట్టింది.

జూన్ 13

తాతకి ఆపరేషన్ బాగానే జరిగిందట.

జూన్ 20, శుక్రవారం

బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. వాచీల తాత స్టూలు చూపించి కూర్చోమన్నాడు. నేలమీద పడుకుని, తలుపులో తాళంచెవులు తిరగబోయి ఆగిపోతున్న చప్పుడు వింటూ ఉన్నాడట. చిన్న చప్పుళ్ళు వినడమే జీవితమంతా తన పని కదా అన్నాడు. లోపలికి దూర్చగానే ఇది కాదని తెలిసిపోయేదట. నలభై దాకా లెక్కపెట్టాడట, ఆ తర్వాత నిద్ర ముంచుకొచ్చిందట. అన్ని తాళంచెవులు ఎందుకు తెచ్చారమ్మా అని అడిగాడు.

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేసి, ఉన్నదంతా చెప్పాను. ఆయన దుప్పటి అంచు సరిచేసుకున్నాడు. తర్వాత తన తాళంచెవి తనకి ఇచ్చెయ్యమన్నాడు. ఇంటికెళ్ళాక ఇవ్వాలనిపిస్తే డ్రైవర్‌కి ఇస్తాడట, నాకు మాత్రం ఇవ్వడట. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

జూన్ 23, సోమవారం

ఆరున్నరకే ఆఫీసుకి వెళ్ళాను. బోర్డు మళ్ళీ గోడమీద ఉంది. ఇంటింటికీ తిరిగి ఏది ఎవరిదో పెట్టి చూశారట, తాళంచెవులన్నీ చోట్లు మారిపోయాయి. వీధికో రంగు ట్యాగు, దానిమీద నెంబరు. ఏ మేకుకి ఏ నెంబరో, అది ఎవరిదో రాసిన లిస్టు ముగ్గురి దగ్గర ఉందట. ఆ ముగ్గురిలో నేను లేను.

నన్ను అడక్కుండా! చేతులు ఊరుకోలేదు. ట్యాగులు పీకడం మొదలుపెట్టాను. నాలుగు పీకాను. ఐదో మేకుకి తాళంచెవి లేదు, ఉత్త ట్యాగు వేలాడుతోంది. నెంబరు 1. శనివారమే డ్రైవర్ ఆసుపత్రికి వెళ్ళి ఆయన తాళంచెవి ఆయనకి ఇచ్చొచ్చాడు. చోటు మాత్రం ఉంచారు.

పీకిన నాలుగూ మళ్ళీ కడదామంటే ఏది దేనిదో తెలియలేదు. నాకు! ట్యాగులు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఇంతలో ఫోన్ల అమ్మాయి వచ్చింది. చూసింది. లిస్టు తీసి నాలుగూ కట్టేసింది. రెండు నిమిషాలు పట్టలేదు.

జూన్ 27, శుక్రవారం

అందరినీ కూర్చోబెట్టి తప్పు నాదేనని చెప్పాను. తర్వాత డ్రైవర్, ఒక మాట చెప్పొచ్చా అమ్మా అని అడిగి, ప్రతి ఇంటికీ పక్కింటివాళ్ళ ఫోన్ నెంబరు ఉంటే తను వెళ్ళేలోపే ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి పలకరిస్తుంటారన్నాడు. ఈ ఆలోచన ఎప్పుడొచ్చిందని అడిగాను. మూడేళ్ళయిందట. మరి చెప్పలేదేం అనబోయి ఆగాను. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు.

మిగతావాళ్ళూ తలా ఒక మార్పు చెప్పారు. వాటిలో రెండింటికి అడ్డుపడ్డాను. ఒకదాంట్లో నా మాట విన్నారు, ఇంకోదాంట్లో వినలేదు. తాళాల డ్యూటీ ఇకమీదట వారానికొకరు. ఈ వారం నాది కాదు. వచ్చే వారమూ కాదు.

ట్రైనర్‌కి ఫోన్ చేసి, ఆ అమ్మాయి చీటీలో రాసిందే జరిగిందని చెప్పాను. మొదటిసారి అతను నవ్వలేదు.

జూలై 8, మంగళవారం

తాతని ఇంటికి తీసుకొచ్చారు. తాళంచెవి డ్రైవర్ చేతిలో పెట్టాడట. బోర్డు మీద ఒకటో నెంబరుకి తగిలించారు. నాకేమీ బాధ లేదని రాస్తే అబద్ధం. సంతోషం లేదని రాసినా అబద్ధమే.

జూలై 10, గురువారం

మా ఇంటి రెండో తాళంచెవి ఫోన్ల అమ్మాయికి ఇచ్చాను. అరవై ఐదు అని రాసుకుంది. ఏ మేకుకి పెట్టిందో అడగలేదు. ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ గడియ పెట్టి, మళ్ళీ తీశాను.

జూలై 11

7:40. ఫోన్ మోగింది. ఉన్నానన్నాను.