నీళ్లు తాగే నేల

మంగళవారం, రాత్రి

బస్తీ మధ్యలో మేం పెంచిన చిన్న అడవికి పొద్దున పక్కింటి రఫియా పైపుతో నీళ్లు పెడుతోంది. ఎంత పెట్టినా పాదులో చుక్క నిలవలేదు.

"చూడు కాకా, నేల ఎంత మంచిగ తాగుతుందో!"

నాకా మాట నచ్చలేదు. కింద బొగ్గు తీసేసిన పాత గని ఉంది. గనిలో పైకప్పును కర్రతో కొట్టి, చప్పుడు విన్నాకే పనిలోకి దిగేవాళ్లం; డొల్లగా పలికితే కూలబోతుందని గుర్తు. అట్లాగే చెట్ల మధ్య నేలను కొట్టాను. డొల్లగా పలికింది. నా చెవి ఎన్నడూ తప్పు చెప్పలేదు.

"బయటికి రా బిడ్డా, జల్ది!"

"రిటైరైనా ఇంకా గనిలనే ఉన్నవా కాకా?" అని నవ్వింది. నల్లా కట్టేసి, గేటుకు తాళం వేశాను. తిట్టుకుంటూ పోయింది. పోనీ.

అడవి గోడకు ఆనుకునే మా ఇల్లు. ఇంట్లో గచ్చు మీద కూడా కొట్టి చూద్దామని కర్ర ఎత్తాను. అక్కడే కోడలు పసిదాన్ని జోకొడుతోంది.

కొట్టలేకపోయాను.