అమ్మమ్మ పాటకి వంత కావాలి

చెన్నై,
ఆదివారం సాయంత్రం.

మార్తక్కకు తమ్ముడు దానియేలు వందనాలు. నువ్వూ బావా పిల్లలూ బాగున్నారా? అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? అమ్మమ్మ సరిగా తింటోందా? నేను బాగానే ఉన్నాను, బెంగపడొద్దు. ఈ ఉత్తరం అమ్మమ్మకి చదివి వినిపించు. ఫోన్ ఇస్తే ముట్టడం లేదు కదా. నువ్వు చదువుతుంటే వినక ఎక్కడికి పోతుంది?

పని మామూలే. ఏడో అంతస్తు శ్లాబుకి రాడ్లు కడుతున్నాం. ఎండకి ఇనుము నిప్పులా ఉంటోంది. తిండి రోజూ సాంబారే. చోడి అంబలి, ఎండు నెత్తళ్లు తలుచుకుంటే ప్రాణం కొట్టుకుంటోంది. ఇటు ఎవరైనా వస్తుంటే నెత్తళ్లు కాసిన్ని పంపు. ఒంట్లో బాగానే ఉంది, నిజంగానే.

ఆదివారం చర్చి అయ్యాక తెలుగు గ్రంథాలయానికి వెళ్తున్నానని చెప్పాను కదా. అక్కడ రిటైరైన మాస్టారొకాయన మన దేశ సాహిత్యం గురించి మొదటినుంచీ వారం వారం చెబుతున్నారు. బడిలో ఇదంతా ఎవడూ చెప్పలేదక్కా. మార్కుల కోసం పద్యాలు బట్టీ పట్టించి వదిలేశారు. రెండు వేల ఏళ్ల కిందటే తమిళులు నేలని బట్టి ప్రేమ పాటలు కట్టారట. కొండల్లో కలుసుకోవడం, సముద్రం ఒడ్డున ఎదురుచూపు, వరి పొలాల దగ్గర అలక. ఆ చివరిది మన అమ్మమ్మని చూసే కట్టుంటారు. తర్వాత కన్నడ దేశంలో చెప్పులు కుట్టేవాళ్లూ పడవ నడిపేవాళ్లూ కూడా దేవుడితో సూటిగా మాట్లాడి, ఆ మాటల్నే కవిత్వం చేశారట. ఈ కాలానికి వస్తే, ఊరి బయట ఉంచిన వాళ్లు తమ కథ తామే రాసుకున్నారు. అది విన్న రోజు తిరుగు బస్సులో నిలబడే ఏడ్చాను.

అంతా బాగుంది. కానీ మాస్టారు చదవమని ఇచ్చిన లావుపాటి పుస్తకంలో మన ఆడవాళ్ల పాటలకి దక్కింది ఒకే ఒక్క వాక్యం. అవి కూడా ఉన్నాయని, అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మమ్మ నాట్ల పాటలు కడుతుందని అందరి ముందూ లేచి గొడవపడ్డాను. ఆయన శాంతంగా, "అయితే మీ అమ్మమ్మ పాట తీసుకురా, విందాం" అన్నారు.

అందుకే నీ చేత రికార్డు చేయించాను. నువ్వు పంపినదాంట్లో ఫ్యాను చప్పుడు, అమ్మమ్మ ఆయాసం, చివర్న ఒక్క మాట. "ఒక్కదాన్నీ ఎలా పాడతానే? నాకేటీ రాదు." వెంటనే ఫోన్ చేసి ఆమె మీద అరిచాను. "సదువుకోనోళ్లకి దీని ఇలువేటి తెలుస్తాది" అన్నాను. ఆమె ఫోన్ నీకిచ్చేసింది. మూడు వారాలైంది, ఆ గొంతు వినలేదు.

పోయిన ఆదివారం మాస్టారి దగ్గర అమ్మమ్మ మొండితనం గురించే చెప్పుకున్నాను. ఆయన నవ్వారు. రాత లేని రోజుల్లో వేల ఏళ్లపాటు మంత్రాలు నిలిచింది ఒకరు చెబితే ఇంకొకరు తిరిగి చెప్పబట్టే అన్నారు. కథ చెప్పేవాడికీ ఊ కొట్టేవాడు ఉండాల్సిందే అన్నారు. "నువ్వు ఆమె ముందు ఫోన్ పెట్టించావు, మనిషిని పెట్టలేదు" అన్నారు.

నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. ఉభాల్లో నేనే కదా నారు కట్టలు మోసింది! అమ్మమ్మ ఒక ముక్క పాడేది. పదిమంది ఆడవాళ్లు వరి నాటుతూనే దాన్ని అందుకునేవాళ్లు. వాళ్లు అనేలోపు ఆమెకి తర్వాతి ముక్క తట్టేది. ఇవన్నీ చూసినవాణ్ణి, నాకు తట్టలేదు. నాలుగు పుస్తకాలు చదివి, పాట కట్టిన మనిషినే చదువులేనిదన్నాను.

అక్కా, ఈ ఏడు ఉభాలు మొదలయ్యాక అమ్మమ్మని పొలానికి తీసుకెళ్లు. వంగలేదు, గట్టు మీద కూర్చోబెట్టు. నువ్వు మడిలో దిగి అందరితో కలిసి వంత పాడు. రికార్డు అవ్వకపోయినా పరవాలేదు, మాస్టారికి నేను చెప్పుకుంటాను. ఆమె పాడాలి, అంతే.

అమ్మకీ బావకీ వందనాలు. పిల్లలకి ముద్దులు. ప్రార్థనలో నన్ను మరవొద్దు.

అమ్మమ్మా, తప్పు నాదే. పాడాలని లేకపోతే మానెయ్. ఫోన్ తీసుకుని నన్ను తిట్టు. ఎంతసేపు తిడితే అంతసేపూ ఊ కొడతాను.

మీ దీవెనలే బలమనుకునే
దానియేలు