గాజు జాడీలో ఉన్న నా రాయి

యజ్ద్ నగర ఆరోగ్యశాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు, ఖాన్ బజారులో నాడి చూచి మందులిచ్చు హకీం మీర్జా నజఫ్‌కులీ విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: నా మూత్రాశయము నుండి తీసిన రాయిని కొత్త ఆసుపత్రి వారు నా పేరుతో సహా గుమ్మం వద్ద ప్రదర్శించుట, దానిని నాకు తిరిగి ఇప్పించుట గురించి.

1. రాళ్లను కరిగించుటకు తేలు బూడిద, ఖర్బూజా గింజలు కలిపిన పొడిని మా తాతగారి నాటి నుండి మేము ఇచ్చుచున్నాము. ఆసుపత్రి తెరచిన నాటి నుండి "అక్కడికి పోతే కోసేస్తారు" అని నేను నలుగురికీ చెప్పుచుండిన మాట వాస్తవమే.

2. గత చలికాలమున నాకే మూత్రము ఆగిపోయినది. పొడి వేసికొంటిని. మరల వేసికొంటిని. నేలపై పొర్లుచుండగా నా భార్య సాహెబ్‌జాన్, "ఆ డబ్బా అవతల పెట్టండి. గాడిదను తెప్పించాను. మీరే ఎక్కుతారా, మూట కట్టి ఎక్కించమంటారా?" అనినది. ఎక్కితిని. కొత్త ఆసుపత్రిలో డాక్టరు బహ్రామీ గారు మత్తు ఇచ్చి, కోసి రాయి తీసిరి. ఇందుకు నాకు ఫిర్యాదు లేదు.

3. తెలివి వచ్చి చూడగా పక్క మంచముపై, చిరకాలముగా నా వద్ద పొడి కొనుచున్న పట్టు నేతగాడు ఉస్తా సఫర్ ఉండెను. అతనికీ అదే జబ్బు.

"హకీం గారూ, మీరిక్కడేంటి?"

"తనిఖీకి వచ్చానులే."

"పడుకునా?"

"పరుపులెలా ఉన్నాయో చూడొద్దూ?"

అతడు వెంటనే చెప్పులు వెదకసాగెను. "వీళ్లు రేపు కోస్తామంటున్నారు. మీరు కనబడ్డారు, అదే చాలు. మీ పొడే వేసుకుంటా, ఇంటికి పోతున్నా."

అతని ముఖము మైనము వలె ఉన్నది. ఒళ్లు కాలిపోవుచున్నది. ఇంటికి పోయినచో బ్రతకడని నాడి పట్టక మునుపే తెలిసినది. అయ్యా, నా వృత్తి ఒక పక్క, వాడి పిల్లలు ఒక పక్క. చొక్కా పైకెత్తి కట్టు చూపించితిని.

"పడుకోవోయ్ సఫర్. నన్నూ కోశారు. బతికే ఉన్నాగా."

వార్డు అంతయు చూచినది. "మరి పొడి సంగతో?" అని మూల నుండి ఎవడో అడిగెను. నేను దుప్పటి ముఖముపై కప్పుకొంటిని.

4. సఫర్ కూడ కోయించుకొని బ్రతికినాడు, సంతోషమే. కాని ఆసుపత్రి వారు మా ఇద్దరి రాళ్లను రెండు గాజు జాడీలలో వేసి, చీటీలు అంటించి, గుమ్మం వద్ద బల్లపై పెట్టినారు. భయపడి వెనుదిరుగు రోగులు నా పేరు చదివి, "హకీమే కోయించుకున్నాడట, పదండి" అని లోనికి పోవుచున్నారు. నా దుకాణమునకు వచ్చువారు మందు కొరకు గాక మచ్చ చూచుటకు వచ్చుచున్నారు. సదరు మచ్చ బజారులో చూపదగిన చోట లేదు.

కావున, నా దేహములో పుట్టి పెరిగిన రాయిపై నాకే హక్కు గలదని ఎంచి, దానిని జాడీతో సహా నాకు అప్పగింపజేయుటకై ఈ మొర చిత్తగించవలెనని ప్రార్థించు

తమ విధేయుడు,
మీర్జా నజఫ్‌కులీ

తా.క.: ఈ అర్జీలో జాడీ గుర్తులు సరిగా రాద్దామని స్వయంగా పోయి చూశాను. సఫర్ అక్కడే నిలబడి, వచ్చినవాళ్లందరికీ "ఈ పెద్దది నాది, ఆ గులకరాయి హకీం గారిది" అని చెప్పుకుంటున్నాడు. అయ్యా, చీటీలు తారుమారు చేశారు. పెద్దది నాది. డాక్టరు గారే నా చేతిలో పెట్టి చూపించారు, కోడిగుడ్డంత ఉంది. రాయి ఇవ్వకపోయినా ఫరవాలేదు, అక్కడే ఉండనివ్వండి. చీటీ మాత్రం మార్పించండి. పేరు కాస్త పెద్ద అక్షరాలతో రాయమనండి.