సాయిలు ఆగిన చోట

అవ్వా,

నువ్వు చదవవని తెలుసు. బతికున్నప్పుడూ నీకు చదువు రాదు. అయినా ఈ సంగతి నీకే చెప్పాలి.

నీ కథల్లోని సాయిలు ఉన్నాడు కదా, రాకాసి గుహలోంచి ఆరని దీపం తెమ్మంటే మంచం కింద దూరిన పిరికోడు. నేను ఊ కొట్టకపోతే కథ ఆపి వాణ్ని దారిలోనే నిలబెట్టేదానివి. దేవరయాంజాల్‌లోని మన ఇంట్లో నిద్ర ఆపుకుంటూ మరీ ఊ కొట్టేవాణ్ని.

పొద్దున నా భార్య సుజాతను కడుపులో గడ్డకు ఆపరేషన్‌ అని లోపలికి తీసుకెళ్లారు. గంటలో అయిపోతుందన్నారు. మధ్యాహ్నం దాటినా తలుపు తెరుచుకోలేదు. కొంపల్లి ఆసుపత్రి వరండాలో నేనూ, నా బిడ్డ చిన్నీ కూర్చున్నాం. నేను మాటిమాటికీ లేచి కూర్చోవడం చూసి, రోజూ రాత్రి నేను దానికి చెప్పే నీ కథ ఎత్తుకుంది.

"సాయిలు గుహలకు వోయిండు నాయినా. మస్తు చీకటి."

తలుపునే చూస్తూ పలకలేదు నేను. అది ఆగిపోయింది.

"ఊ అను నాయినా! లేకుంటే సాయిలు గాడనే ఆగిపోతడు."

ఊ అన్నాను.

"భయమైతాంది. అయినా పోతుండు."

అంత పిరికోడు ఎట్ల పోయిండని చిన్నప్పుడు నిన్ను అడిగితే, "ఎన్కనుంచి నువ్వు ఊ అంటున్నవ్ గద బిడ్డా" అనేదానివి. నన్ను మురిపించడానికి అంటున్నావనుకున్నాను.

ఇంతలో నర్సు తలుపు తెరిచింది. "సుజాత మనిషి ఎవరు? లోపలికి రాండ్రి."

ఆమె ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. కుర్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాను అవ్వా.

"ఊ," అంది చిన్ని వెనక నుంచి.