అంగారక సైన్యంలో వంటవాడు

మంగళవారం రాత్రి, చిత్తూరు

నా నవలలో అంగారక గ్రహం మీది సైన్యం గురించి ఇవాళ నాయనకు చదివి వినిపించాను. పదిమంది ఒక దళం, అందరి చేతుల్లో లేజర్ తుపాకులు.

"అంతా బాగుండాది గానీ, ఈళ్లకు కూడు వండేవాడు యాడమ్మా?" అన్నాడు.

తల కొట్టేసినట్టయింది. నాయన మిలిటరీలో ఇరవై ఏళ్లు వంటే చేశాడు. బళ్లో నేను మాత్రం మా నాయన తుపాకీ పట్టాడనే చెప్పుకున్నాను. ఆయనకు తెలుసో ఏమో...

"ఒక గుండిగ కూడు తినేవాళ్లే ఒక దళం. మంచులో ముందు పొయ్యి ఎలిగించాల" అంటూ సాయంత్రమంతా ఓపిగ్గా చెప్పాడు. ఇలాంటి నాయన దొరకడం నా అదృష్టం.

ఇప్పుడే ప్రతి దళానికీ ఒక వంటవాణ్ణి చేర్చాను. మొదటివాడికి నాయన పేరు పెట్టాను. ఈసారి తుపాకీ ఇవ్వలేదు.